దేవుడి పటం ముందు ఎఫ్ డ్రైవ్

మా మిల్లు ఆఫీసులో సేటు గది గుమ్మానికీ నా టేబుల్‌కీ మధ్య ఒక పగిలిన బండ ఉంది. దాని మీద నిలబడి మా మేనేజర్ నన్ను నలుగురిలో అన్న మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు. పగ పెట్టుకోవద్దని మా ఇంట్లో అందరూ చెప్పి చూశారు. వాళ్ళకేం, అన్నది వాళ్ళను కాదు.

మెదక్ నుంచి రామాయంపేట పోయే రోడ్డు మీద మా రైస్ మిల్లు. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి అక్కడ ఆపరేటర్‌గా చేరాను. కోతల కాలంలో హవేలిఘనపూర్ వైపు నుంచీ నిజాంపేట వైపు నుంచీ వడ్ల ట్రాక్టర్లు గేటు బయట దాకా బారు తీరతాయి. కాంటా మీద తూకమవుతుంది. కాంటా గదిలో రైతు చేతికి ఒక చిట్టీ ఇస్తారు. ఆ చిట్టీ నా దగ్గరకు వస్తే నేను కంప్యూటర్‌లో ఎక్కిస్తాను. నేను ఎక్కించేదాకా ఆ రైతు పని ముందుకు సాగదు.

ఎక్కించేది ఎఫ్‌లో. సేటు గదిలో ఒక పాత కంప్యూటర్ ఉంది, దానిలో మిల్లు ఫైళ్ళన్నీ ఉన్న ఫోల్డర్ ఉంది. ఆ ఫోల్డరే వైరు గుండా మా అందరి కంప్యూటర్లలోనూ ఎఫ్ డ్రైవ్ అనే పేరుతో కనిపించేది. నా టేబుల్ దగ్గర తెరిచినా, మేనేజర్ దగ్గర తెరిచినా, కాంటా గదిలో తెరిచినా అదే ఎఫ్. ‘ఎఫ్‌లో పెట్టు’, ‘ఎఫ్‌లో చూడు’ అని రోజంతా అనుకునేవాళ్ళం. రైతుల చిట్టీల లెక్క తెరిచేది మాత్రం నేనొక్కదాన్నే, మేనేజర్ చూసేవాడు కాదు. లెక్క కావాలంటే తన కంప్యూటర్ ముట్టుకోకుండా, నన్ను పిలిచి ప్రింటు తియ్యమనేవాడు. ఊళ్ళవారీగా మొత్తాలు తీసి ఇచ్చేదాన్ని, కళ్ళజోడు పైకి జరుపుకుని చూసి పక్కన పడేసేవాడు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు మేనేజర్‌ను సెలవు అడిగాను. కోతలు మొదలవుతున్నాయి, ఈసారి బతుకమ్మ మెదక్‌లోనే ఆడుకో అన్నాడు. ఏడాది పొడుగునా ఒక్క సెలవు అడగని దాన్ని. ఒళ్ళు మండిపోయింది. జీతం కోసుకోండి అని మొహం మీదే చెప్పి పుట్టింటికి పోయాను, దసరా అయ్యాకే తిరిగొచ్చాను. వచ్చేసరికి కంప్యూటర్ల మీదా కాంటా మీదా పసుపు కుంకుమ బొట్లు, బంతిపూలు. నేను లేకుండానే మిల్లులో దసరా పూజ అయిపోయింది. నా కుర్చీలో కూర్చుని ఎఫ్ తెరిచాను, అన్ని ఫోల్డర్లూ ఎప్పటిలాగే ఉన్నాయి, పనిలో పడ్డాను. మేనేజర్ నాతో ముభావంగా ఉన్నాడు, నేనూ అంతే.

దీపావళి మరునాడు మిల్లు తెరిచాక సేటు హవేలిఘనపూర్ రైతుల వివరాలు అడిగాడు. ఎఫ్ తెరిచాను. దసరా ముందు దాకా అన్నీ ఉన్నాయి, ఆ తర్వాత నేను ఎక్కించినవాటిలో ఒక్కటీ లేదు. చెత్తబుట్టలో చూశాను. కంప్యూటరంతా వెతికాను. మేనేజర్ కంప్యూటర్లోనూ, సేటు గదిలోనూ చూశాం. ఎక్కడా లేవు. మళ్ళీ మళ్ళీ తెరిచి మూస్తున్నాను.

అప్పుడు మేనేజర్ వచ్చి ఆ పగిలిన బండ మీద నిలబడ్డాడు. కౌంటర్ అవతల రైతులు, గుమ్మంలో హమాలీలు, గదిలో సేటు. రోజూ నేను తీసిన ప్రింట్లు తనే చూశాడు కనుక నేను పని చెయ్యలేదని అనలేడు. అందుకని ఇంకో మాట అన్నాడు.

“సెలవియ్యలేదని కడుపుల పెట్టుకొని తుడిచింది సేటూ. కావాల్నని తుడిచింది గీమె.”

తల కొట్టేసినట్టయింది. కాపీ ఏమైనా ఉందా అని సేటు అడిగితే, దసరా నాడు తాను ఎఫ్ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టానని, అది లక్ష్మీదేవి పటం ముందు ఉందని, ఆ తర్వాతి పనంతా నేనే తుడిచానని మళ్ళీ చెప్పాడు. పటం ఎదురుగా గోడకే ఉంది. దాని ముందు అరమీద బంతిపూల మధ్య కుంకుమ బొట్టు పెట్టిన పెన్‌డ్రైవ్. దసరాకు ముందువి ఎటూ ఉన్నాయి కదా అని దాన్ని తెరవాలని ఎవరికీ తోచలేదు. తోచినా పూజలో ఉన్నదాన్ని మేనేజర్ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

రైతులందరినీ చిట్టీలు మళ్ళీ తెమ్మన్నారు. హవేలిఘనపూర్ నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు, నన్ను బిడ్డా అనే పిలిచేవాడు. ఆయన చిట్టీ ఎక్కడో పోయింది. కౌంటర్ పట్టుకుని నన్నే చూస్తూ, ఇట్లా చేసి ఏం బాగుపడతావు బిడ్డా అన్నాడు. మేనేజర్ అన్నదాని కంటే ఆ మాట నన్ను ఎక్కువ కాల్చింది. ఆయన తప్పేం లేదు. ఆయన నోట ఆ మాట పలికించిన మనిషి పక్కనే నిలబడి పళ్ళు కుట్టుకుంటున్నాడు.

సేటు నన్ను పనిలోంచి తియ్యలేదు. ఆఫీసు కంప్యూటర్ ముట్టుకోవద్దని చెప్పి కాంటా గదికి పంపాడు. రేకుల గది, పొద్దుగూకేదాకా ఊక దుమ్ము, లారీల హారన్లు. తూకం చూసి చిట్టీ ఇవ్వడమే పని. ట్రాక్టర్ డ్రైవర్లు కూడా నన్ను చూసి ఫైళ్ళు తుడిచినామె ఈమేనట అని గుసగుసలాడుకునేవాళ్ళు. మెదక్ ఏమంత పెద్ద ఊరు కాదు. కూరగాయల మార్కెట్లో కూడా ఒకామె అడిగింది, నిజమేనా అని. నేను ఇంటికి పోయి ఆ రోజు వంట చెయ్యలేదు. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. నా మీద పడ్డ ఈ పేరును మాత్రం అన్నవాడే వచ్చి, అన్న చోటే, విన్నవాళ్ళ ముందే తీసెయ్యాలి. నాకు కావలసింది అదొక్కటే. పడుకున్నా లేచినా అదే ఆలోచన.

అసలు సంగతి అనుకోకుండా తెలిసింది. వేరే ఉద్యోగాలకు పంపుదామని బయోడేటా తయారుచేసుకుని, ప్రింటు కోసం నా పెన్‌డ్రైవ్ తెచ్చి కాంటా గది కంప్యూటర్‌కు పెట్టాను. టింగుమని చప్పుడైతే వచ్చింది. తెరిచి చూస్తే పెన్‌డ్రైవ్ లేదు. తీసి మళ్ళీ పెట్టాను. చప్పుడు వస్తుంది, మనిషి కనబడదు. నా రాతే ఇంత అనుకుని, మా మిల్లు కంప్యూటర్లు బాగుచేసే రామాయంపేట షాపతనికి ఫోన్ చేశాను.

అతను నవ్వాడు. “ఖరాబేం కాలేదక్కా. పెన్‌డ్రైవ్‌కు ఎఫ్ అని పేరొచ్చింది, ఆడ ముందుగాలనే మీ మిల్లు ఎఫ్ కూసున్నది. బస్సుల ఎవలన్న దస్తీ ఏస్తే సీటు ఆళ్లదే గద.”

పెన్‌డ్రైవ్‌కు వేరే అక్షరం ఎలా ఇవ్వాలో చెప్పాడు, ఇచ్చాను, వెంటనే కనిపించింది. ఫోన్ పెట్టేసేదాన్నే. ఎందుకో అడిగాను, పెన్‌డ్రైవే ముందు కూర్చుంటే ఏమవుతుంది అని. పెన్‌డ్రైవ్ పెట్టి ఉంచి కంప్యూటర్ ఆన్ చేస్తే అదే ఎఫ్ అవుతుందని, మిల్లు ఎఫ్ బయటే నిలబడిపోతుందని చెప్పాడు.

అలాగే కూర్చుండిపోయాను. బయట డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. దసరా నుంచి దీపావళి దాకా పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే తెర మూల నెట్‌వర్క్ డ్రైవ్ కలవలేదని ఒక చిన్న మాట వచ్చేది. అది మాకు కొత్తేం కాదు, సేటు గది ఆలస్యంగా తెరుస్తారు కనుక ఎప్పుడూ వచ్చేదే. దాన్ని ఎవరం పట్టించుకోం.

ఆఫీసు ఊడ్చి, దేవుడి దగ్గర పూలు మార్చే అక్క ఒకామె ఉండేది. నాతో ముందులాగే మాట్లాడింది ఆమె ఒక్కతే. ఆ సాయంత్రం చాయ్ పోస్తుంటే అడిగాను, ఆ పెన్‌డ్రైవ్ దసరా నుంచీ పటం ముందే ఉందా అని.

“ఏడిది? దసరా నాడు సారు నీ డబ్బ ఎనక గుచ్చి బొట్టు పెట్టిండు, ఎవ్వలు తియ్యొద్దన్నడు. మల్ల దీపావళి పూజల తీసి లక్ష్మమ్మ కాడ పెట్టిండు.”

అదీ సంగతి. దసరా నాడు మేనేజర్ శుభమా అని సేటు గది కంప్యూటర్‌లోంచి ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. ఆపి ఉన్న నా కంప్యూటర్ వెనక, టేబుల్ కింద, ఎవరికీ కనబడని చోట దాన్ని గుచ్చి పూజ చేశాడు. నేనొచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తే ఆ పెన్‌డ్రైవే ఎఫ్ అయి కూర్చుంది. అవే ఫోల్డర్లు, అవే పేర్లు, నాకెలా తెలుస్తుంది? నేను రోజూ ఎక్కించిందంతా దానిలోకే పోయింది. దీపావళికి దాన్ని పీకి దేవుడి ముందు పెట్టాడు. మిల్లు ఎఫ్ మళ్ళీ తన చోటికొచ్చింది, నా పని లేకుండా. నేను తుడిచానన్న పనంతా పటం ముందు పూలల్లో ఉంది. ఆ మనిషి రోజూ పొద్దున్నే దానికి అగరుబత్తి తిప్పి, కళ్ళు మూసుకుని దండం పెట్టి, తర్వాత కాంటా గది వైపు చూసి నన్ను తిట్టుకుంటున్నాడు.

నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. ఏడుపు ఆగాక కడుపులో నిప్పు పోసినట్టయింది.

వెంటనే పోయి చెప్పొచ్చు. మంచివాళ్ళయితే చెప్పేవాళ్ళే. నేను చెప్పలేదు. చాటుగా చెబితే చాటుగా తెరిచి, ఫైళ్ళు దొరికాయి అని ఒక మాట అనేసి ఊరుకుంటాడు. ఎవరు తుడిచారని ఎవరూ అడగరు. అలా తప్పించుకోనిస్తానా? ప్రతి శుక్రవారం మా ఆఫీసులో లక్ష్మీపూజ, హారతి. సేటు, స్టాఫు, హమాలీలు, ఆ పూటకు వచ్చిన రైతులు అందరూ ఉంటారు. ఆ రోజు దాకా నోరు కట్టేసుకున్నాను.

ఆ కొద్ది రోజులూ నాకు ఒకటే భయం. అతనికి ఏ బుద్ధి పుట్టి పెన్‌డ్రైవ్ తీసి పాటలో, పెళ్ళి ఫోటోలో ఎక్కించుకుంటాడో అని. పొద్దున హాజరు వెయ్యడానికి ఆఫీసుకు పోయినప్పుడు ఓరకంట అరమీదకు చూసేదాన్ని. ఒకరోజు కనబడలేదు. అక్క పూలు సర్దుతుంటే ఒక బంతిపువ్వు కింద నుంచి పెన్‌డ్రైవ్ తొంగిచూసింది. ఆ పూట నేను కూడా దండం పెట్టాను, లక్ష్మీదేవికో పెన్‌డ్రైవ్‌కో నాకే తెలియదు.

శుక్రవారం హారతి అయింది. కౌంటర్ అవతల రైతుల్లో హవేలిఘనపూర్ ముసలాయన కూడా ఉన్నాడు, ఇంకా చిట్టీ దొరకని తంటాలోనే. నేను పోయి సేటు ముందు నిలబడ్డాను. దేవుని దగ్గరున్న పెన్‌డ్రైవ్ ఒకసారి తెరిచి చూడమని అడిగాను. మేనేజర్ అడ్డం వచ్చాడు, పూజలో ఉన్నది, ముట్టుకుంటే అరిష్టం అన్నాడు. నేను ముట్టుకోను, మీ చేత్తోనే పెట్టండి సారూ అన్నాను. సేటుకు ఓపిక తక్కువ. పెట్టి చూపించు, పోయేదేముంది అన్నాడు.

పెన్‌డ్రైవ్ కళ్ళకద్దుకుని తెచ్చి నా పాత కంప్యూటర్‌కు పెట్టాడు. టింగుమంది. తెరిచాడు. ఏమీ కనబడలేదు. ఎఫ్ తెరిచాడు, అదే పాత ఎఫ్. నా వైపు తిరిగి, చూసినవా అన్నట్టు చేతులు చాపాడు. కనబడదని నాకు తెలుసు. అయినా ఒక్క క్షణం ఊరుకున్నాను. అతని మొహంలో ఆ గెలుపు పూర్తిగా విచ్చుకోనిచ్చాను. ఎక్కనిస్తేనే కదా దించడం.

“ఇప్పుడు బంద్ చేసి, దసరా నాడు పెట్టినట్టు ఎనక పెట్టి ఆన్ చెయ్యుండ్రి సారూ.”

ఆ మాటకు అతని చెయ్యి ఆగింది. దసరా నాడు ఎక్కడ పెట్టాడో నాకెలా తెలిసిందా అని చూశాడు. అక్క ఊడ్చే పనిలో ఏమీ ఎరగనట్టు ఉంది. కంప్యూటర్ ఆపాడు, వంగి వెనక గుచ్చాడు, ఆన్ చేశాడు. ఆ పాత కంప్యూటర్ లేవడానికి ఎప్పుడూ బద్ధకమే. అందరూ తెర చూస్తున్నారు. హారతి పళ్ళెంలో కర్పూరం కొసకు వచ్చింది. ఎఫ్ తెరిచాడు. నిజాంపేట, హవేలిఘనపూర్, ఊరూ ఊరూ, దసరా మరునాటి నుంచి దీపావళి ముందు దాకా నేను ఎక్కించిన ప్రతి చిట్టీ అక్కడ ఉంది.

ముసలాయన పేరు నేనే వెతికి చూపించాను. ఆయన తూకం, ఆయన ట్రాక్టరు, అన్నీ. ఆయన తెరకేసి కళ్ళు చికిలించి చూసి, నావేనా బిడ్డా అని అడిగాడు. మీవే తాతా అన్నాను.

మేనేజర్ మొహం మాడిపోయింది. గొంతు సవరించుకుని, ఇది సిస్టం ప్రాబ్లం సేటూ, డ్రైవులు డ్రైవులు కొట్టుకున్నాయి అన్నాడు. సేటు కూడా హమ్మయ్య అనుకుని, సరే, దొరికినయి కద, పోయి నీ కుర్చీల కూసో అన్నాడు నాతో. ఇద్దరూ నన్ను చూస్తున్నారు, సంతోషించమని. నేను సంతోషించలేదు.

“సిస్టం తుడిచిందని అనలేదు గద సేటూ అప్పుడు. నన్నన్నరు. గీ బండ మీద నిలబడి అన్నరు. అన్నోళ్లు ఆడ్నే నిలబడి కాదని చెప్తే కూసుంట.”

మేనేజర్ కిందికి చూస్తూ నిలబడ్డాడు గాని నోరు విప్పలేదు. నేను కాంటా గదికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాతి రోజులే నా జీవితంలో బంగారం లాంటి రోజులు. కోతలు జోరు మీదున్నాయి, ఆఫీసులో ఎక్కించేవాళ్ళు లేరు. సేటు రోజూ అతన్నే కసిరేవాడు, ఆమెను ఎట్లా కూర్చోబెడతావో నీ ఇష్టం అని. అతను కాంటా గదికి వచ్చేవాడు. ట్రాక్టర్ల వరుసలో ఉన్నవాళ్ళ పని అయ్యాకే మాట్లాడతానని కిటికీ బయట ఎండలో నిలబెట్టేదాన్ని. ఊక దుమ్ము అతని తెల్ల చొక్కా మీద పడుతుంటే కిటికీ మూసేదాన్ని కాదు, బాగా తెరిచి పెట్టేదాన్ని. చెవిలో చెప్పినట్టు చెప్పేవాడు, తప్పయిందమ్మా, మనసుల పెట్టుకోకు అని. ఒకసారి స్వీట్ల డబ్బా తెచ్చాడు. ఆ డబ్బా హమాలీలకు పంచిపెట్టి, ఇక్కడ కాదు సారూ, అక్కడ అన్నాను. ఆడపిల్లవు, ఇంత మొండితనం పనికిరాదన్నాడు. నలుగురి ముందు అన్నప్పుడు నేను ఆడపిల్లనని మీకు యాదికి లేదా అన్నాను. మళ్ళీ వరుసలో ట్రాక్టర్ హారన్ కొట్టింది, నేను తూకం చూసుకున్నాను.

ఇంకో శుక్రవారం హారతికి కబురు పంపారు. పోయాను. సేటు, స్టాఫు, హమాలీలు, రైతులు. హారతి పళ్ళెం పట్టుకుని మేనేజర్ ఆ పగిలిన బండ మీదకు వచ్చాడు. పళ్ళెం పక్కన పెట్టడం కూడా మరిచాడు. నేల చూస్తూ గొణిగాడు. నాకే సరిగ్గా వినబడలేదు. వెనక నుంచి హవేలిఘనపూర్ ముసలాయన అన్నాడు, “ఇనస్తలేదు సారూ. జర గట్టిగ చెప్పుండ్రి.”

మేనేజర్ తలెత్తాడు. “ఆమె తుడ్వలేదు. పెన్‌డ్రైవ్ నేను పెట్టిన, నేనే తీసిన. తప్పు నాది.”

అప్పుడు పోయి నా కుర్చీలో కూర్చున్నాను. చల్లటి నీళ్ళు తాగినట్టుంది. ఎవరైనా క్షమించడంలో హాయి ఉందంటే ఉండొచ్చు, నేను రుచి చూడలేదు. నాకు తెలిసిన హాయి ఆ రోజుదే.

మొదటి పనిగా అన్ని కంప్యూటర్లలోనూ మిల్లు ఎఫ్‌ను తీసేసి జెడ్ అని పేరు పెట్టాను. ఏ పెన్‌డ్రైవూ అంత దూరం పోయి కూర్చోదు. మేనేజర్‌కు మాత్రం అలవాటు పోలేదు, ఇప్పటికీ ఎఫ్‌లో పెట్టమ్మా అంటుంటాడు. ఎఫ్ దేవుని దగ్గర ఉంది సారూ అంటాను. కౌంటర్ అవతల ఎవరో ఒకరు నవ్వుతారు. కుంకుమ బొట్టున్న ఆ పెన్‌డ్రైవ్‌ను సేటును అడిగి తీసుకున్నాను. నా టేబుల్ మీద, అతను వస్తూ పోతూ చూసే చోట ఉంటుంది.

మొన్న దసరా పూజకు నా కంప్యూటర్‌కు బొట్టు పెడుతూ అతను దాన్ని చూశాడు. చాలా మెత్తగా, ముసలివాడైపోయిన గొంతుతో అడిగాడు. “ఇంక గదంత మనసుల పెట్టుకున్నవా అమ్మా? తుడిచెయ్యరాదు.”

నేను లేచి నిలబడి, పళ్ళెంలోంచి కుంకుమ తీసుకుని పెన్‌డ్రైవ్‌కు కొత్త బొట్టు పెట్టాను.

“తుడుసుడు నాకు రాదు సారూ. మీరే చెప్పిండ్రు గద, అందరి ముందు.”